కోరొటీన్లలో టెయిల్ కాల్: సీ++ ఇచ్చిన మాట ఏ ప్రాసెసర్ మీద నిలుస్తుంది?

సీ++20 కోరొటీన్లతో (మధ్యలో ఆగి, తర్వాత ఆగిన చోట నుంచే కొనసాగగల ఫంక్షన్లు) రాసిన ఒక లూప్ మీ లాప్‌టాప్ మీద పది లక్షల సార్లు తిరిగి హాయిగా ముగుస్తుంది. అదే కోడ్‌ని ఒక్క అక్షరం మార్చకుండా వేరే ప్రాసెసర్ కోసం కంపైల్ చేస్తే, ఫంక్షన్ పిలుపుల వివరాలు దాచే స్టాక్ అనే మెమరీ నిండిపోయి ప్రోగ్రామ్ కూలిపోతుంది. ఒక్కోసారి ప్రాసెసర్ కూడా మారక్కర్లేదు. జీసీసీ అనే కంపైలర్‌లో 10 నుంచి చాలా వెర్షన్ల పాటు, ఆప్టిమైజేషన్ ఫ్లాగ్ తీసేసి మామూలు డీబగ్ బిల్డ్ చేస్తే చాలు, ఇదే జరిగేది. చాలా సందర్భాల్లో కంపైలర్ ఎర్రర్ ఇవ్వదు, వార్నింగ్ కూడా ఇవ్వదు.

దీనికి కారణం టెయిల్ కాల్ (ఒక ఫంక్షన్ తన చివరి పనిగా, స్టాక్ మీద తన చోటు వదిలేసి ఇంకో ఫంక్షన్‌కి పని అప్పగించడం) జరగకపోవడం. చాలామంది టెయిల్ కాల్‌ని వేగం పెంచే ఆప్టిమైజేషన్‌గానే చూస్తారు, ఉంటే మంచిది, లేకపోతే కాస్త నెమ్మదిస్తుంది అంతే అనుకుంటారు. కోరొటీన్ల విషయంలో అది నిజం కాదు. ఇక్కడ టెయిల్ కాల్ లేకపోతే ప్రోగ్రామ్ నెమ్మదించదు, తప్పుగా పనిచేస్తుంది. అందుకే ఏ ప్లాట్‌ఫామ్ మీద ఇది దొరుకుతుంది, ఎక్కడ దొరకదు, దొరకని చోట ఎందుకు దొరకదు అనేది కోరొటీన్ లైబ్రరీ రాసేవాళ్లే కాదు, వాడేవాళ్లు కూడా తెలుసుకోవాలి.

ముందు అసలు సమస్య చూద్దాం. ఒక పార్సర్ కోరొటీన్ ఉందనుకోండి. బైటు కావాల్సినప్పుడల్లా అది ఒక రీడర్ కోరొటీన్‌ని పిలిచి దాని కోసం ఆగుతుంది. డేటా ఇంకా నెట్‌వర్క్ నుంచి రాలేదంటే ఇద్దరూ సస్పెండ్ అయిపోతారు, స్టాక్ ఖాళీ అవుతుంది, డేటా వచ్చాక ఈవెంట్ లూప్ వచ్చి లేపుతుంది. ఇందులో ఏ ఇబ్బందీ లేదు. డేటా ముందే బఫర్‌లో ఉన్నప్పుడే ఇబ్బంది. పార్సర్ ఆగి రీడర్ రెజ్యూమ్ ఫంక్షన్‌ని (ఆగిన కోరొటీన్‌ని మళ్లీ నడిపించే ఫంక్షన్) పిలుస్తుంది. రీడర్ చేతిలో బైటు ఉంది కాబట్టి వెంటనే పని ముగించి, తన కోసం ఎదురుచూస్తున్న పార్సర్ రెజ్యూమ్‌ని పిలుస్తుంది. పార్సర్ లూప్‌లో ఒక అడుగు ముందుకేసి ఇంకో రీడర్‌ని పిలుస్తుంది, అది మళ్లీ పార్సర్‌ని పిలుస్తుంది. ఈ పిలుపుల్లో ఏ ఒక్కటీ వెనక్కి తిరిగి రాలేదని గమనించండి. ప్రతి బైటుకీ స్టాక్ మీద కనీసం రెండు ఫ్రేమ్‌లు (ఒక్కో పిలుపుకి పట్టే చోటు ఒక ఫ్రేమ్) పేరుకుంటాయి. వాటిలో చేయాల్సిన పని ఏమీ మిగల్లేదు, రిటర్న్ అవ్వడం తప్ప.

లెక్క సులువుగా ఉండటానికి ఒక్కో ఫ్రేమ్ 64 బైట్లు అనుకుందాం. లైనక్స్‌లో మెయిన్ థ్రెడ్‌కి సాధారణంగా 8 ఎంబీ స్టాక్ ఉంటుంది, అంటే 65,536 బైట్లు చదివేసరికి నిండిపోతుంది. విండోస్‌లో డిఫాల్ట్ 1 ఎంబీ, అక్కడ 8,192 బైట్లకే. చిన్న ఫైలుతో టెస్ట్ రాస్తే అన్నీ పాస్ అవుతాయి. నెట్‌వర్క్ నెమ్మదిగా ఉన్నా పాస్ అవుతాయి, ఎందుకంటే మధ్యమధ్యలో నిజంగా సస్పెండ్ అయినప్పుడల్లా స్టాక్ ఖాళీ అవుతుంది. ఫైలు పెద్దదై, డిస్క్ వేగంగా ఉండి, కాష్ నిండుగా ఉన్న రోజునే ప్రొడక్షన్‌లో బయటపడుతుంది. ఇలాంటి బగ్‌ని పట్టుకోవడం ఎంత టెన్షనో సర్వర్ కోడ్ రాసేవాళ్లకి చెప్పక్కర్లేదు.

దీనికి పరిష్కారంగా గోర్ నిషనోవ్ 2018లో పీ0913 అనే ప్రతిపాదన తెచ్చారు, దాని పేరు సిమెట్రిక్ ట్రాన్స్‌ఫర్. కోరొటీన్ ఆగేటప్పుడు నడిచే అవెయిట్_సస్పెండ్ ఫంక్షన్ అంతకు ముందు వాయిడ్ (అంటే ఏమీ ఇవ్వకపోవడం) గానీ బూల్ (అవును/కాదు) గానీ ఇచ్చేది. ఈ ప్రతిపాదనతో అది ఒక కోరొటీన్ హ్యాండిల్‌ని (ఏదో ఒక కోరొటీన్‌ని సూచించే విలువ) కూడా రిటర్న్ చేయగలుగుతుంది. "నేను ఆగుతున్నాను, నా తర్వాత నడవాల్సింది వీడు" అని చెప్పి తప్పుకోవడం అన్నమాట. ఆ హ్యాండిల్‌ని రెజ్యూమ్ చేసే పని కంపైలర్‌ది. లేపడానికి ఎవరూ లేకపోతే నూప్ కోరొటీన్ అనే ఉత్తుత్తి హ్యాండిల్ ఇస్తే సరిపోతుంది, అప్పుడు నియంత్రణ మామూలుగా వెనక్కి వెళ్తుంది. ఈ పద్ధతిలో ఎన్ని కోరొటీన్లనైనా వరసగా లేపవచ్చని స్టాండర్డ్‌లో ఒక నోట్ ఉంది. నోట్ అన్న మాట మీద దృష్టి పెట్టండి. స్టాండర్డ్‌లో నోట్‌లకి నియమం బలం లేదు, అవి వివరణలు మాత్రమే. అసలు నియమం "ఆ హ్యాండిల్ మీద రెజ్యూమ్ పిలవబడుతుంది" అన్నంత వరకే. స్టాక్ పెరగకుండా పిలవాలన్న మాట నియమంలో ఎక్కడా లేదు. ఈ సందు లోంచే మిగతా కథంతా నడుస్తుంది.

టెయిల్ కాల్ అంటే తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. మిమ్మల్ని ఎవరో ఒక పని మీద పంపారు, మీరు ఆ పనిలో చివరి భాగం ఇంకొకరికి అప్పగిస్తూ "అయ్యాక నాకు చెప్పక్కర్లేదు, నన్ను పంపినాయనకే నేరుగా చెప్పు" అని వెళ్లిపోతారు. మెషిన్ భాషలో చెప్పాలంటే, కొత్త ఫంక్షన్‌ని కాల్ ఇన్‌స్ట్రక్షన్‌తో పిలవకుండా, మీ స్టాక్ ఫ్రేమ్ తీసేసి, మీకు వచ్చిన రిటర్న్ అడ్రస్‌ని అలాగే వదిలి, కొత్త ఫంక్షన్ మొదటికి జంప్ చేయడం. ఎన్ని సార్లు చేసినా స్టాక్ ఒక్క బైటు కూడా పెరగదు.

నిజానికి టెయిల్ కాల్‌కి కోరొటీన్ల కంటే అనుకూలమైన పరిస్థితి దొరకడం కష్టం. మామూలు ఫంక్షన్లలో అడ్డుపడేది ఆర్గ్యుమెంట్లు. పిలిచే ఫంక్షన్‌కి రెండు ఆర్గ్యుమెంట్లు, పిలవబడేదానికి పది ఉంటే, ఆ అదనపు ఎనిమిదీ స్టాక్ మీద ఎక్కడ పెట్టాలి? కోరొటీన్ రెజ్యూమ్ ఫంక్షన్లన్నిటికీ ఒకటే రూపం, ఒక్క పాయింటర్ తీసుకుంటాయి, ఏమీ తిరిగి ఇవ్వవు. ఆ పాయింటర్ కోరొటీన్ ఫ్రేమ్‌ది, ఇది స్టాక్ ఫ్రేమ్ కాదు, కోరొటీన్ తన స్థితిని దాచుకునే వేరే మెమరీ. ఫ్రేమ్‌లో మొదటి పదం రెజ్యూమ్ ఫంక్షన్ అడ్రస్, రెండోది డెస్ట్రాయ్ ఫంక్షన్ అడ్రస్. క్లాంగ్, జీసీసీ, ఎమ్ఎస్‌వీసీ కంపైలర్లు మూడూ ఈ అమరికనే పాటిస్తాయి. సస్పెన్షన్ దాటి బతకాల్సిన లోకల్ వేరియబుల్స్ అన్నీ ఆ ఫ్రేమ్‌లోనే ఉంటాయి కాబట్టి, ఆగే క్షణానికి స్టాక్ మీద కాపాడుకోవాల్సిందేమీ ఉండదు. లైనక్స్ ఎక్స్86-64 మీద అయితే కొత్త ఫ్రేమ్ అడ్రస్‌ని ఆర్‌డీఐ రిజిస్టర్‌లో పెట్టి, ఆ ఫ్రేమ్ మొదటి పదంలో ఉన్న అడ్రస్‌కి ఒక జంప్ చేస్తే చాలు.

ఇంత సులువైనదైతే అన్ని చోట్లా ఎందుకు పనిచేయదు?

కంపైలర్ లోపల

మామూలు సీ, సీ++ ఫంక్షన్లకి టెయిల్ కాల్ కంపైలర్ దయ. జీసీసీలో దీన్ని ఆన్ చేసే ఆప్టిమైజేషన్ ఓ2 స్థాయి నుంచే మొదలవుతుంది. జీసీసీ 10లో కోరొటీన్లు వచ్చినప్పుడు సిమెట్రిక్ ట్రాన్స్‌ఫర్ ఈ యంత్రాంగం మీదే ఆధారపడింది. అందుకే ఓ2లో నిలబడిన ప్రోగ్రామ్ ఓ0లో (ఆప్టిమైజేషన్ లేకుండా) కూలేది. జీసీసీ బగ్ ట్రాకర్‌లో 100897 నంబరు ఫిర్యాదు ఇదే. ఇంకో ఫిర్యాదు, 94359, నేరుగా ప్లాట్‌ఫామ్‌ల గురించి. కొన్ని టార్గెట్లు (కోడ్ నడవాల్సిన ప్రాసెసర్లు) పాయింటర్ ద్వారా తెలియని ఫంక్షన్‌కి టెయిల్ కాల్ చేయలేవు కాబట్టి, తప్పనిసరి అని గుర్తు పెట్టకుండా వీలైతే చేయమని మాత్రమే అడుగుతున్నామని జీసీసీ సోర్స్‌లో కామెంట్ కూడా రాసిపెట్టారు.

క్లాంగ్ వెనక ఉండే ఎల్ఎల్‌వీఎమ్ దారి వేరు. దాని అంతర్గత భాషలో మస్ట్‌టెయిల్ అనే గుర్తు ఉంది. ఒక కాల్ మీద అది ఉంటే ఓ0 అయినా ఓ3 అయినా దాన్ని టెయిల్ కాల్‌గానే మార్చి తీరాలి, లేదా కంపైల్ ఆపేయాలి. బదులుగా షరతులు కఠినంగా ఉంటాయి. కాల్ తర్వాత వెంటనే రిటర్న్ ఉండాలి, పిలిచేదానికీ పిలవబడేదానికీ రూపం కలవాలి, కాలింగ్ కన్వెన్షన్ (ఆర్గ్యుమెంట్లు ఎలా అందించాలన్న ఒప్పందం) ఒకటే అవ్వాలి. 2021లో క్లాంగ్ 13 దీన్ని ప్రోగ్రామర్లకి కూడా ఒక అట్రిబ్యూట్‌గా ఇచ్చింది, జీసీసీ 15 కూడా 2025లో అదే బాట పట్టింది. కోరొటీన్‌ని ముక్కలు చేసే కోరోస్ప్లిట్ అనే దశలో, సిమెట్రిక్ ట్రాన్స్‌ఫర్‌కి సంబంధించిన ప్రతి రెజ్యూమ్ కాల్ మీదా ఎల్ఎల్‌వీఎమ్ ఈ గుర్తు పెడుతుంది. పెట్టే ముందు టార్గెట్‌ని ఒక ప్రశ్న అడుగుతుంది, ఈ కాల్‌ని నువ్వు టెయిల్ కాల్‌గా చేయగలవా అని. చేయగలనంటే గుర్తు పెడుతుంది. చేయలేనంటే? ఏమీ చేయదు. మామూలు కాల్‌గా వదిలేసి ముందుకెళ్లిపోతుంది. మస్ట్‌టెయిల్ లేకుండా సిమెట్రిక్ ట్రాన్స్‌ఫర్‌ని సమర్థంగా ఇవ్వగలమా అని ఆ లైన్ పక్కనే సోర్స్‌లో ఒక ఫిక్స్‌మీ ప్రశ్న ఉంది.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను, ఇక్కడ మౌనంగా ఉండటం తప్పు. టార్గెట్ చేయగలనని చెప్పి తీరా కోడ్ పుట్టించేటప్పుడు చేయలేకపోతే, మస్ట్‌టెయిల్ గుర్తున్న కాల్‌ని మార్చలేకపోయానంటూ బ్యాకెండ్ ఎర్రర్ ఇచ్చి కంపైల్ ఆగిపోతుంది. అది చూడ్డానికి మొరటుగా ఉన్నా నిజాయితీగా ఉంది. మౌనంగా మామూలు కాల్‌గా మారడం వల్ల బిల్డ్ ఆకుపచ్చగా కనిపిస్తుంది, ప్రోగ్రామ్ మాత్రం డేటా పెరిగిన రోజు పోతుంది. కనీసం ఒక వార్నింగ్ ఉండాలి.

ఇంకో చిక్కు ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఇది ఏ ప్లాట్‌ఫామ్ మీదైనా తగులుతుంది. కోరొటీన్ సస్పెండ్ అయ్యి హ్యాండిల్ ఇచ్చిన మరుక్షణం, ఇంకో థ్రెడ్ దాన్ని లేపి, పూర్తి చేసి, ఫ్రేమ్‌ని డిలీట్ కూడా చేసేసి ఉండవచ్చు. కాబట్టి ఆ హ్యాండిల్ విలువ రిజిస్టర్‌లో గానీ స్టాక్ మీద గానీ ఉండాలే తప్ప, పాత కోరొటీన్ ఫ్రేమ్‌లో ఉండకూడదు. ఆప్టిమైజర్ అవెయిట్_సస్పెండ్‌ని ఇన్‌లైన్ చేసి, మధ్య విలువల్ని ఫ్రేమ్‌లోకి తోసేస్తే, జంప్ చేసే ముందు అప్పటికే ఫ్రీ అయిపోయిన మెమరీలోంచి అడ్రస్ చదవాల్సి వస్తుంది. ఎల్ఎల్‌వీఎమ్‌లో ఇలాంటి బగ్‌లు నిజంగానే వచ్చాయి. 2024లో ఎల్ఎల్‌వీఎమ్ 19 కోసం అవెయిట్_సస్పెండ్ భాగాన్ని ఒక ప్రత్యేక ఇంట్రిన్సిక్‌లో, అంటే కంపైలర్ లోపలి ఫంక్షన్‌లో, మూసిపెట్టి, కోరొటీన్‌ని చీల్చడం పూర్తయ్యాకే తెరిచేలా మార్చారు.

మరో విషయం, ర్యాంప్ ఫంక్షన్. కోరొటీన్‌ని మొదటిసారి పిలిచినప్పుడు నడిచేది రెజ్యూమ్ ఫంక్షన్ కాదు, ర్యాంప్. అది పిలిచినవాళ్లకి టాస్క్ ఆబ్జెక్ట్‌ని రిటర్న్ చేయాలి, కాబట్టి అక్కడ టెయిల్ కాల్ అసలు కుదరదు. మొదట్లోనే సస్పెండ్ అయ్యే బద్ధకపు టాస్క్‌లకి ఇది సమస్య కాదు, వాటి బాడీ అంతా రెజ్యూమ్‌లోనే నడుస్తుంది. పిలవగానే పరిగెత్తడం మొదలుపెట్టే టాస్క్‌లలో మాత్రం, మొదటి సస్పెన్షన్ దగ్గర జరిగే బదిలీ ఏ ప్రాసెసర్ మీదైనా మామూలు కాల్‌గానే ఉంటుంది.

ప్రాసెసర్ల సంగతి

ఎక్స్86-64 గురించి చెప్పేశాం. విండోస్‌లో కూడా జంప్ కుదురుతుంది, కాకపోతే ఒక సూక్ష్మం ఉంది. అక్కడ ఎక్సెప్షన్ వచ్చినప్పుడు స్టాక్‌ని విప్పే కోడ్, ఫంక్షన్ చివరి భాగాన్ని ఇన్‌స్ట్రక్షన్ ఆకారం చూసి గుర్తుపడుతుంది. రిజిస్టర్ ద్వారా చేసే జంప్‌ని ఎపిలాగ్‌లో భాగంగా గుర్తించాలంటే దానికి రెక్స్ అనే ప్రిఫిక్స్ ఉండాలి, ఆ ఇన్‌స్ట్రక్షన్‌కి మామూలుగా దాని అవసరమే లేదు. ఎల్ఎల్‌వీఎమ్ విండోస్ కోసం ప్రత్యేకంగా ఆ ప్రిఫిక్స్ తగిలించిన జంప్ వాడుతుంది. 32-బిట్ ఎక్స్86లో ఆర్గ్యుమెంట్ స్టాక్ మీదే వస్తుంది, అయినా పాత పాయింటర్ ఉన్న అదే నాలుగు బైట్ల చోట కొత్తది రాసి జంప్ చేయవచ్చు, ఎందుకంటే రెండు ఫంక్షన్ల రూపం ఒకటే.

64-బిట్ ఆర్మ్‌లో బీఆర్ ఇన్‌స్ట్రక్షన్‌తో పని అయిపోతుంది. కొత్త భద్రతా ఏర్పాట్లు మాత్రం కొంత మెలిక పెట్టాయి. బీటీఐ అనే జంప్ రక్షణ ఆన్ చేస్తే, జంప్ చేసి దిగే చోట సరైన గుర్తు ఇన్‌స్ట్రక్షన్ ఉండాలి. ఫంక్షన్ మొదట్లో ఉండే గుర్తు కాల్‌తో వచ్చినవాళ్లనే రానిస్తుంది. జంప్‌తో రావాలంటే అడ్రస్ ఎక్స్16 లేదా ఎక్స్17 రిజిస్టర్‌లో ఉంటేనే ఒప్పుకుంటుంది. కాబట్టి టెయిల్ కాల్ చేసే కంపైలర్ ఆ రెండిట్లో ఒకటి వాడి తీరాలి. రిటర్న్ అడ్రస్‌కి సంతకం చేసే పీఏసీ ఆన్‌లో ఉంటే, స్టాక్ మీద దాచిన అడ్రస్‌ని జంప్‌కి ముందే సరిచూసి విప్పాలి. రిస్క్-ఫైవ్‌లో జేఆర్‌తో పని తేలిగ్గా అయిపోతుంది. ఐబీఎమ్ ఎస్390ఎక్స్‌లో ఐదో ఆర్గ్యుమెంట్ వచ్చే ఆర్6 రిజిస్టర్‌ని పిలవబడిన ఫంక్షన్ కాపాడి తిరిగి ఇవ్వాలన్న నియమం టెయిల్ కాల్‌కి అడ్డం వస్తుంది, కానీ మనకి ఉన్నది ఒక్క ఆర్గ్యుమెంటే కాబట్టి ఆ గొడవ తగలదు.

చిన్న మైక్రోకంట్రోలర్ల దగ్గర తేడా వస్తుంది. రాస్ప్‌బెర్రీ పై పికోలో ఉండే ఆర్‌పీ2040 చిప్‌లో కార్టెక్స్-ఎం0 ప్లస్ ఉంటుంది, అది ఆర్మ్‌వీ6-ఎం రకం. దాని మొదటి తరం థంబ్ ఇన్‌స్ట్రక్షన్లలో మామూలు జంప్ దాదాపు 2 కేబీ దూరమే వెళ్తుంది, రిజిస్టర్ల వాడకం మీద కూడా ఆంక్షలున్నాయి. ఎల్ఎల్‌వీఎమ్ ఈ రకానికి టెయిల్ కాల్స్ ఇవ్వదు, ఇలాంటి చిన్న కోర్లలో ఆర్మ్‌వీ8-ఎం బేస్‌లైన్ నుంచే ఇస్తుంది. పికో 2లోని ఆర్‌పీ2350 కార్టెక్స్-ఎం33 కాబట్టి అక్కడ ఫర్వాలేదు. బాధ ఏంటంటే, స్టాక్ కొన్ని కేబీలు మాత్రమే ఉండే చిన్న చిప్‌లలోనే కోరొటీన్లు బాగా పనికొస్తాయి, ఆర్‌టీఓఎస్ (రియల్ టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్) థ్రెడ్‌కి వేరే స్టాక్ కేటాయించే ఖర్చు తప్పుతుంది. సరిగ్గా అక్కడే ఈ హామీ లేదు.

అసలైన చిక్కుముడి 64-బిట్ పవర్‌పీసీ. ఇక్కడ ప్రతి లైబ్రరీకీ టీఓసీ అనే ఒక పట్టిక ఉంటుంది, గ్లోబల్ వేరియబుల్స్ అడ్రస్‌లు అందులో ఉంటాయి, దాని చోటు ఆర్2 రిజిస్టర్ చూపిస్తుంది. ఒక లైబ్రరీలోని ఫంక్షన్ ఇంకో లైబ్రరీలోని ఫంక్షన్‌ని పిలిస్తే, ఆర్2 మారిపోతుంది. అందుకే పాయింటర్ ద్వారా పిలిచేటప్పుడు కంపైలర్ ముందు ఆర్2ని స్టాక్ మీద దాచి, కాల్ అయ్యాక తిరిగి లోడ్ చేస్తుంది. ఇప్పుడు ఏ, బీ ఒకే లైబ్రరీలో ఉన్నాయనుకోండి. ఏ నేరుగా బీని పిలిచింది. ఇద్దరిదీ ఒకే పట్టిక కాబట్టి ఏ తన ఆర్2ని దాచుకోలేదు. బీ ఒక పాయింటర్ ద్వారా వేరే లైబ్రరీలోని సీకి టెయిల్ కాల్ చేసింది. సీ తన పట్టికకి ఆర్2ని మార్చుకుని పని చేసి, నేరుగా ఏ దగ్గరికి రిటర్న్ అయింది. ఏ చేతిలో ఇప్పుడు సీ వాళ్ల పట్టిక ఉంది. తన గ్లోబల్ వేరియబుల్ అనుకుని ఇంకెవరిదో చదువుతుంది. మధ్యలో ఆర్2ని సరిచేయాల్సింది బీ, కానీ టెయిల్ కాల్ చేశాక బీ అనేదే లేదు. అందుకే కంపైలర్ పాయింటర్ ద్వారా టెయిల్ కాల్ చేయడానికి ఒప్పుకోదు, చేసేవాళ్లకీ చేయించుకునేవాళ్లకీ ఒకే టీఓసీ అని తెలిస్తేనే చేస్తుంది. కోరొటీన్ రెజ్యూమ్ ఎప్పుడూ పాయింటర్ ద్వారానే కదా, కాబట్టి ఇక్కడ సిమెట్రిక్ ట్రాన్స్‌ఫర్ మౌనంగా మామూలు కాల్ అయిపోతుంది. ఐబీఎమ్ యునిక్స్ అయిన ఏఐఎక్స్‌లో కూడా ఇదే టీఓసీ పద్ధతి, ఇదే చిక్కు.

దీని గురించి ఆలోచిస్తే ఒక ఆశ కనిపిస్తుంది. రెజ్యూమ్‌ని పిలిచే ప్రతివాళ్లూ పాయింటర్ ద్వారానే పిలుస్తారు కాబట్టి, మొట్టమొదట పిలిచినవాళ్లు తమ ఆర్2ని ఎలాగూ దాచుకుని ఉంటారు. గొలుసు మధ్యలో ఎన్ని జంప్‌లు జరిగినా చివరికి వాళ్ల దగ్గరికి వచ్చాక అది తిరిగి లోడ్ అవుతుంది. అంటే కోరొటీన్ల వరకు ఈ నిషేధం అక్కర్లేకపోవచ్చు. అడ్డుపడేది ఆప్టిమైజర్, ఏ కోరొటీనో తెలిసిపోయినప్పుడు పాయింటర్ కాల్‌ని నేరుగా పిలిచే కాల్‌గా అది మార్చేస్తుంది, అప్పుడు ఆర్2 దాచడం మానేస్తుంది. రెజ్యూమ్ ఫంక్షన్లకి మాత్రం ఆ సేవింగ్‌ని వదలకూడదని ఒక నియమం పెట్టుకుంటే దారి ఉంటుందని నాకనిపిస్తుంది. పవర్10లో పీసీ-రిలేటివ్ అడ్రసింగ్ వచ్చింది, దానితో కంపైల్ చేస్తే టీఓసీ అవసరమే ఉండదు, నిషేధమూ సడలుతుంది. పాత పవర్8, పవర్9 మెషిన్ల కోసం చేసే బిల్డ్‌లకి మాత్రం ఈ సౌకర్యం లేదు.

మిప్స్ ప్రాసెసర్లలోనూ జీపీ అనే రిజిస్టర్ దాదాపు ఇలాంటి పాత్రే పోషిస్తుంది. ఎల్ఎల్‌వీఎమ్‌లో మిప్స్‌కి టెయిల్ కాల్స్‌ని డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంచారు.

వెబ్‌అసెంబ్లీ, జేవీఎమ్

కంపైల్ చేసిన కోడ్‌ని బ్రౌజర్‌లో నడిపే వెబ్‌అసెంబ్లీది పూర్తిగా వేరే లోకం. అక్కడ ఒక ఫంక్షన్ నుంచి ఇంకో ఫంక్షన్‌కి జంప్ అనేదే లేదు. కాల్ స్టాక్ బ్రౌజర్ ఇంజిన్ చేతిలో ఉంటుంది, ప్రోగ్రామ్ దాన్ని చూడలేదు, ముట్టుకోలేదు. కాబట్టి కంపైలర్ ఎంత తెలివైనదైనా, ఇన్‌స్ట్రక్షన్ సెట్‌లో టెయిల్ కాల్ లేకపోతే చేయగలిగిందేమీ లేదు. రిటర్న్ కాల్, రిటర్న్ కాల్ ఇన్‌డైరెక్ట్ అనే రెండు కొత్త ఇన్‌స్ట్రక్షన్లు ప్రతిపాదనగా చాలా ఏళ్లు నలిగాయి. క్రోమ్ 112లో 2023లో వచ్చాయి, అదే ఏడాది డిసెంబర్‌లో ఫైర్‌ఫాక్స్ 121లో, 2024 డిసెంబర్‌లో సఫారీ 18.2లో. 2025 సెప్టెంబర్‌లో పూర్తయిన వెబ్‌అసెంబ్లీ 3.0లో ఇవి అధికారికంగా చేరాయి. గమనిస్తే, జావాస్క్రిప్ట్‌కి ఈఎస్2015 స్టాండర్డ్ టెయిల్ కాల్స్ తప్పనిసరి చేసినా, పెద్ద బ్రౌజర్లలో సఫారీ ఇంజిన్ ఒక్కటే వాటిని అమలు చేసింది. వెబ్‌అసెంబ్లీలో అదే సఫారీ ఆఖరున వచ్చింది. స్టాండర్డ్‌లో రాసినంత మాత్రాన ఇంజిన్‌లో వచ్చేస్తుందని అనుకోకూడదు.

ఇప్పుడు బ్రౌజర్లన్నిటిలో ఉన్నా, క్లాంగ్ వెబ్‌అసెంబ్లీకి దీన్ని తనంతట తాను ఆన్ చేయదు. ఎమ్-టెయిల్-కాల్ ఫ్లాగ్ మీరే ఇవ్వాలి. ఇవ్వకపోతే టార్గెట్ "చేయలేను" అంటుంది, సిమెట్రిక్ ట్రాన్స్‌ఫర్ మామూలు కాల్ అవుతుంది, ఎవరూ ఏమీ చెప్పరు. ఈ వ్యాసంలో వెంటనే పనికొచ్చే విషయం ఒకటి తీసుకెళ్లాలంటే ఇదే తీసుకెళ్లండి.

జావా ప్రోగ్రామ్‌లని నడిపే జేవీఎమ్‌లో ఇప్పటికీ టెయిల్ కాల్ ఇన్‌స్ట్రక్షన్ లేదు. అయినా కాట్లిన్ కోరొటీన్లు అక్కడ బాగానే నడుస్తున్నాయి కదా, ఎలా? కాట్లిన్ సస్పెండ్ ఫంక్షన్ ఆగినప్పుడు "సస్పెండ్ అయ్యాను" అనే ఒక ప్రత్యేక విలువ రిటర్న్ చేసి స్టాక్ ఖాళీ చేస్తుంది. తిరిగి లేపేటప్పుడు రన్‌టైమ్ లైబ్రరీలో ఒక లూప్ ఉంటుంది. ఒక కోరొటీన్ పూర్తయితే దాని ఫలితాన్ని తీసుకుని, దాని కోసం ఆగిన కోరొటీన్‌ని ఆ లూప్‌లోంచే పిలుస్తుంది. ఒకరు ఇంకొకర్ని పిలవరు, ఇద్దర్నీ లూపే పిలుస్తుంది. దీన్ని ట్రాంపొలిన్ అంటారు. రస్ట్‌ది మరో పద్ధతి, అక్కడ ఫ్యూచర్‌ని పై నుంచి పోల్ చేస్తూ కిందికి దిగుతారు, పోల్ ఎప్పుడూ రిటర్న్ అయిపోతుంది, స్టాక్ లోతు ఫ్యూచర్లు ఒకదానిలో ఒకటి ఎంత లోతుగా ఉన్నాయో అంతే. ఈ రెండిట్లోనూ టెయిల్ కాల్ లేని ప్లాట్‌ఫామ్ అంటే భయం లేదు.

స్విఫ్ట్ మాత్రం సీ++ కంటే ఇంకా గట్టిగా టెయిల్ కాల్ మీద ఆధారపడింది. 2021లో స్విఫ్ట్ 5.5తో వచ్చిన అసింక్ ఫంక్షన్లలో, పిలవడమూ టెయిల్ కాలే, రిటర్న్ అవ్వడమూ టెయిల్ కాలే. ఈ ఫంక్షన్లకి ఆర్గ్యుమెంట్ల సంఖ్య వేరువేరుగా ఉంటుంది కాబట్టి, స్విఫ్ట్‌టెయిల్‌సీసీ అనే కొత్త కాలింగ్ కన్వెన్షన్‌నే ఎల్ఎల్‌వీఎమ్‌లో చేర్చారు. అందులో స్టాక్ మీది ఆర్గ్యుమెంట్లని తీసేసే బాధ్యత పిలవబడిన ఫంక్షన్‌ది. భాషా రూపకర్తలు, కంపైలర్ వాళ్లు, ఏబీఐ (కంపైల్ అయిన కోడ్‌ల మధ్య పిలుపుల ఒప్పందం) వాళ్లు ఒకే గదిలో కూర్చుంటే ఇలా చేయగలరు. సీ++కి ఆ వెసులుబాటు లేదు. ప్రతి ప్లాట్‌ఫామ్ ఏబీఐ దశాబ్దాల క్రితమే గట్టిపడిపోయింది.

మరి సీ++ కంపైలర్ కూడా టెయిల్ కాల్ లేని చోట తనే ట్రాంపొలిన్ పెట్టొచ్చు కదా? కష్టం ఎక్కడంటే, రెజ్యూమ్ ఫంక్షన్ ఏమీ రిటర్న్ చేయదు. ట్రాంపొలిన్ కావాలంటే "తర్వాత ఎవర్ని లేపాలి" అన్నది అది తిరిగి చెప్పాలి. ఆ ఒక్క మార్పుతో పాత ఆబ్జెక్ట్ ఫైళ్లతో, వేరే కంపైలర్‌తో కట్టిన లైబ్రరీలతో పొత్తు చెడిపోతుంది. అందుకే ఆ పని లైబ్రరీ రాసేవాళ్ల మీద పడింది. మామూలు పద్ధతి, థ్రెడ్‌కి ఒక క్యూ పెట్టడం. అవెయిట్_సస్పెండ్ వాయిడ్ ఇచ్చే రకంగా రాసి, లేపాల్సిన హ్యాండిల్‌ని క్యూలో వేసి రిటర్న్ అయిపోవాలి, బయట ఉన్న లూప్ క్యూలోంచి తీసి ఒక్కొక్కరినీ లేపుతుంది. ప్రతి బదిలీకీ ఒక రిటర్న్, ఒక క్యూ ఆపరేషన్ అదనపు ఖర్చు, కానీ స్టాక్ ఎప్పటికీ పెరగదు. ఖర్చు తగ్గించాలంటే లోతుని లెక్కపెట్టే ఒక కౌంటర్ పెట్టి, కొంత లోతు దాటినప్పుడు మాత్రమే క్యూ ద్వారా పంపవచ్చు.

మీ బిల్డ్‌లో ఏం జరుగుతోందో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. వెంటనే పూర్తయ్యే టాస్క్‌ని పది లక్షల సార్లు ఎదురుచూసే ఒక లూప్ రాసి, మీరు సపోర్ట్ చేస్తామని చెప్పే ప్రతి టార్గెట్ మీదా, ఓ0లోనూ ఓ2లోనూ, సీఐలో (ప్రతి మార్పుకీ టెస్ట్‌లు తనంతట తాను నడిపే వ్యవస్థలో) పెట్టండి. కూలితే తెలిసిపోతుంది. డిస్‌అసెంబ్లీ చూసే ఓపిక ఉంటే ఇంకా త్వరగా తెలుస్తుంది. రెజ్యూమ్ ఫంక్షన్ చివర ఎక్స్86లో కాల్ బదులు జేఎమ్‌పీ ఉండాలి, 64-బిట్ ఆర్మ్‌లో బీఎల్ఆర్ బదులు బీఆర్, పవర్‌పీసీలో బీసీటీఆర్ఎల్ బదులు బీసీటీఆర్, వెబ్‌అసెంబ్లీలో రిటర్న్ కాల్ ఇన్‌డైరెక్ట్. పవర్‌పీసీలో ఆ ఒక్క ఎల్ అక్షరం ఉందంటే స్టాక్ పెరుగుతున్నట్టే.

టెయిల్ కాల్ పనిచేసే చోట కూడా ఒక నష్టం ఉంది, అది డీబగ్గర్‌లో కనిపిస్తుంది. స్టాక్ మీద ఎవరూ మిగలరు కాబట్టి, క్రాష్ అయినప్పుడు బ్యాక్‌ట్రేస్‌లో పార్సర్‌ని ఎవరు పిలిచారో ఉండదు, ఈవెంట్ లూపూ ఆఖరి కోరొటీనూ మాత్రమే కనిపిస్తాయి. ఎవరు ఎవరి కోసం ఆగారన్నది ఫ్రేమ్‌లలోని ప్రామిస్ ఆబ్జెక్ట్‌లలో దాగి ఉంటుంది, దాన్ని తవ్వి తీసే స్క్రిప్ట్ మీ లైబ్రరీకి తగ్గట్టు మీరే రాసుకోవాలి.

టెయిల్ కాల్ హామీని భాష మొత్తానికి కాకుండా కొన్ని ప్లాట్‌ఫామ్‌ల వరకే పరిమితం చేసి, ఆ మాట బయటికి చెప్పి నడిపించడం కూడా మంచి పద్ధతే. 2025లో వచ్చిన పైథాన్ 3.14లో టెయిల్ కాల్స్‌తో నడిచే కొత్త ఇంటర్‌ప్రెటర్ ఉంది. క్లాంగ్ 19 లేదా ఆపైన కావాలని, ఎక్స్86-64, 64-బిట్ ఆర్మ్ మీద మాత్రమే పనిచేస్తుందని విడుదల పత్రంలోనే రాశారు, మిగతా చోట్ల పాత ఇంటర్‌ప్రెటరే నడుస్తుంది. సీ++ కోరొటీన్ లైబ్రరీలు కూడా ఇదే చేయాలి. వెబ్‌అసెంబ్లీలో టెయిల్ కాల్ ఫీచర్ ఆన్ అయితే క్లాంగ్ దానికోసం ఒక మాక్రో నిర్వచిస్తుంది, దాన్ని చూసి క్యూ పద్ధతికి మారడం కొన్ని లైన్ల పని. పవర్‌పీసీ, కార్టెక్స్-ఎం0, ఓ0లో కట్టిన పాత జీసీసీ బిల్డ్, వీటికి అలాంటి సూటి మాక్రో లేదు కాబట్టి టార్గెట్ పేరు చూసి మనమే క్యూ పద్ధతిని డిఫాల్ట్ చేయాలి, వేగం కావాలనుకున్నవాళ్లు పైన చెప్పిన టెస్ట్ నడిపి చూసుకుని సిమెట్రిక్ ట్రాన్స్‌ఫర్‌ని ఆన్ చేసుకుంటారు.